రెండు వేళ్ల వదులు

నాలుగున్నరకి అత్తాపూర్‌లో బండి తీస్తాను.
నాలుగు పిల్లర్లు దాటేలోపే
కాలి పక్కన మొదలవుతుంది:
టక్... కిర్ర్... టక్,
పాత ఉయ్యాలని ఎవరో ఒంటిచేత్తో ఊపినట్టు.

వెనక డబ్బాలో ఐసు పలకలు, ఖాళీ ట్యూబులు, దూది.
పరగడుపున పది మంది
నేనొచ్చేదాకా చాయ్ తాగకుండా కూచుంటారు.
బండి ఆగితే పది కడుపులు మాడతాయి,
నాకు పది ఫోన్లు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ముందు
తడిసిన బంతిరేకులు, రాత్రి వాన బురద
అన్నీ చైన్ కవర్లోకే.
అక్కడే ఒకరోజు గొలుసు పళ్ల మీంచి ఎగిరింది.
బండి కదలదు, ఇంజను మాత్రం ఒకటే అరుపు,
చెయ్యని పని గురించి ఎక్కువ చెప్పుకునే మనిషిలా.

సత్తార్ మామ షాపు ఇంకా తెరవలేదు.
షట్టర్ ముందు స్టూలేసుకుని పళ్లు తోముకుంటున్నాడు.
కవర్‌కున్న రబ్బరు బిరడా పీకి
వేలు పెట్టి గొలుసు పైకెత్తాడు.
"రెండు వేళ్లు వదులుండాలె బిడ్డా. నీది నాలుగుంది."
"సాగిందా మామా?"
నురగ కారేలా నవ్వాడు.
"ఇనుము బెల్లంపాకమా, సాగనీకి?
లోపట పిన్నులు అరుగుతయి.
వంద పిన్నులు, ఒక్కోటి ఎంటికంత.
బయటికెల్లి సూస్తే ఏం కనవడది."

రోజుకి పది చేతులకి సూది గుచ్చేదాన్ని,
ఆ మాట ఎప్పుడూ విననట్టు
అలాగే నిలబడ్డాను.

కిట్టు పదమూడు వందలట.
ఇరవై ఏడో తారీఖు, నా దగ్గర నాలుగొందలు.
మారు మాట్లాడకుండా రెండు లింకులు తీసి కలిపాడు.
"ఇది నొప్పి గోలీ, అంతే. నెల లోపట మార్చెయ్."
తీసిన ముక్క నా అరచేతిలో పెట్టాడు.
పర్సులో చిల్లరతో కలిసి అదీ తిరిగింది,
రూపాయి బిళ్లలకి నల్లగా నూనె పూస్తూ.

జీతం పడ్డ ఆదివారం జాంబాగ్ పోయాను.
గొలుసొక్కటే చాలదా అని అడగబోయి
మామ మాట గుర్తొచ్చి ఆగాను:
పాత పళ్లకి కొత్త గొలుసేస్తే
వారంల దాన్ని గూడ పాతజేస్తయి.

సెల్లార్లో, వాచ్‌మన్ ఎంకులు టార్చి పట్టుకుంటే,
మామ దగ్గర అడిగి తెచ్చిన పానాలతో
నేనే విప్పాను.
వెనక చక్రపు పళ్లు ఒకవైపుకి వాలి
పులిగోళ్లయ్యాయి.
నేల మీద పేపర్ పరిచి పాత గొలుసు పెట్టాను,
పర్సులో ముక్క తీసి దాని చివర చేర్చాను,
పక్కన కొత్తది.
లెక్కకి లింకులు సమానం.
పాతది బొటనవేలంత పొడుగు.
ఆ బొటనవేలంతలో
నాలుగేళ్ల తెల్లవారుజాములు.
ఎంకులు కూడా వంగి చూశాడు, "గింతేనా?" అన్నాడు.

ఇటు మూడో గీత, అటు మూడో గీత.
క్లిప్పు మూసిన మొన బండి పోయే దిక్కుకి.
ఒకసారి తిప్పి పెట్టాను, తీసి మళ్లీ పెట్టాను.
చక్రం తిప్పుతూ తొంభై నంబర్ ఆయిల్ చుక్క చుక్కగా.
గోళ్లల్లో నలుపు సబ్బుకి పోలేదు,
గ్లౌజులున్నాయిలే అనుకున్నాను.

సోమవారం.
పిల్లర్ల కింద నా బండి నాకే వినపడలేదు.
మూడో అంతస్తులో రుక్మాబాయమ్మ తలుపు
ఎప్పుడూ తీసే ఉంటుంది, ఇవాళ గడియ.
మూడుసార్లు కొట్టాక
"ఎవలది?" అంది, భయంగా.
"నేనే అమ్మా, షుగర్ టెస్టు."
"నీ బండి గల్లీ మొదట్లనే ఇనొచ్చేది,
లేసి గడియ తీసేదాన్ని.
ఇయ్యాల రాలేదనుకున్న."

చెయ్యి చాపింది. పట్టీ కట్టాను,
రెండు వేళ్లు దూరేంత వదులుగా.
"రేపట్నుంచి గల్లీలో ఒకసారి హారన్ కొడతాలే."
"వద్దు," అంది, పిడికిలి బిగిస్తూ,
"కింద బాలింత ఉంది. పిల్ల లేస్తది."